‘లేదు’ అన్న మాట కోసం

హారిక ఫోన్ చేసి, "మేడం, కొత్త కౌన్సెలర్లు చేరుతున్నారు. వాళ్ళకి మీరు నాలుగు ముక్కలు రాసివ్వాలి" అంది. "శిక్షణలో అన్నీ చెబుతారుగా, నేను రాసేదేముంది?" అన్నాను. "అందులో లేనివి రాయండి" అంది. ఈ హారిక ఒకప్పుడు నా పక్క కుర్చీలో కూర్చుని, ఎదుట ఎవరైనా ఏడిస్తే తనూ ముక్కు తుడుచుకున్న పిల్ల. ఇప్పుడు అలాంటి కుర్చీల్లో కూర్చోబోయే వాళ్ళకి తనే పాఠాలు చెబుతోంది. అడిగింది తను కాబట్టి కాదనలేకపోయాను.

నా పేరు సలోమి. ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ కౌన్సెలర్‌గా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. నాకు ఎప్పుడు ఏ ఇంక్రిమెంటు వచ్చిందో, నా ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్ళు నిద్రపోయిందో మీకు అక్కర్లేదు. మీరు తెలుసుకోవాల్సింది ఒక్కటే, ఈ పనిలో గెలుపనేది ఉంటుందా అని. ఉంటుంది. నేను దాన్ని చేతులారా ఎత్తుకున్నాను. గుండుకి గంధం రాసుకుని వచ్చి, నా కళ్ళద్దాలు లాగి నేలకేసి కొట్టింది ఆ గెలుపు. దాని కథే రాస్తాను. అయితే అది అర్థం కావాలంటే ముందు మన శాఖ చేసిన రెండు పొరపాట్లు చెప్పాలి.

గోడ మీది బొమ్మ

నేను చేరిన కొత్తలో మా ఆసుపత్రి ప్రహరీ గోడ మీద పెద్ద పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు వేయించారు. పక్కనే ఎర్రటి అక్షరాల్లో, ఈ జబ్బొస్తే చావే అని అర్థం వచ్చే నినాదం. ఉద్దేశం మంచిదే, భయపడితే జనం జాగ్రత్తగా ఉంటారని. జనం భయపడ్డారు. జాగ్రత్త మాత్రం రాలేదు. భయపడ్డవాడు పరీక్షకి రాడు. వచ్చినవాడు ఫలితం తీసుకోడానికి రాడు. జబ్బు పేరు పలకడమే మానేసి ‘పెద్ద జబ్బు’ అనడం మొదలుపెట్టారు. ఆ మాట ఇప్పటికీ మీ చెవిన పడుతూనే ఉంటుంది.

చీమకుర్తి క్వారీలో రాయి కోసే ఒకాయనకి ఫలితం చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. అంతా విని లేచి, నన్ను గేటు దాకా రమ్మన్నాడు. గోడ చూపించి, "అమ్మా, ఆ బొమ్మ నేనేనా?" అని అడిగాడు. అప్పటికి ఉచిత మందులు ఇంకా మా దాకా రాలేదు. "అది గీసినవాడు నిన్ను చూడలేదయ్యా" అన్నాను. ఆయన గోడ వంక చూసి నవ్వాడు. మందులొచ్చేదాకా పంతం పట్టి బతికాడు. ఆ తర్వాత మామూలుగానే బతికాడు. మొన్న మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి పిలిస్తే వెళ్ళి వడ్డనలో ఓ చెయ్యి వేసి వచ్చాను. ఆ గోడకి ఇప్పుడు ఎవరో ట్యుటోరియల్ కాలేజీ ప్రకటన రాసుకున్నారు.

ఎవరినైనా భయపెట్టి బాగుచేద్దామనుకుంటే మీరు ఈ ఉద్యోగంలో చేరకండి. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. ‘పాపం, మొగుడి వల్ల వచ్చింది’ అని ఒకరి మీద జాలి, ‘తిరిగాడు, అనుభవిస్తున్నాడు’ అని ఇంకొకరి మీద చిరాకు చూపించే అలవాటు మన వాళ్ళలో ఉంది. డాక్టర్లలోనూ ఉంది, నర్సుల్లోనూ ఉంది, మా చర్చిలోనూ ఉంది. మీ గదిలోకి వచ్చినవాళ్ళని అలా రెండు వరుసల్లో నిలబెట్టకండి. మాత్ర ఇద్దరికీ ఒకటే.

ఎర్ర రిబ్బన్ జీపు

రెండో పొరపాటు ఒక జీపు. మాకొక ఆఫీసరు ఉండేవారు. ఆదివారం కూడా పనిచేసే మనిషి, లంచం అంటే మండిపడే మనిషి. ఆయనకి శాఖవారు ఇచ్చిన జీపు మీద రెండు వైపులా, ఎయిడ్స్‌కి గుర్తుగా వాడే ఎర్ర రిబ్బన్ బొమ్మ నిలువెత్తున ఉండేది. మందులు మధ్యలో మానేసిన వాళ్ళ ఇళ్ళకి ఆయన ఆ జీపులోనే వెళ్ళేవారు. "మనం దొంగతనానికి పోతున్నామా దాక్కుని వెళ్ళడానికి?" అనేవారు. మాట నిజమే. కానీ జీపు వెనక్కి తిరిగి వచ్చేస్తుంది, ఆ ఇల్లు అక్కడే ఉండాలి.

కొత్తపట్నం దగ్గర ఒక చేపల పల్లెలో ఆ జీపు ఒక ఇంటి ముందు ఆగింది. మర్నాటి నుంచి ఆ ఇంటావిడ గంపలో చేపలు గంపలోనే ఉండిపోయాయి. కొనేవాళ్ళు మొహం తిప్పుకుని పక్క గంప దగ్గరికి పోయారు. ఆవిడ మా మీద తిట్లు లంకించుకోలేదు. నేరుగా ఆఫీసరు గారి గదికి వచ్చి, "అయ్యా, మీరు మంచోరే. ఈసారి నడిచి రండి" అని చెప్పి వెళ్ళింది. ఆయన ఆ సాయంత్రమే పెయింటరుని పిలిపించి రిబ్బన్ల మీద తెల్ల రంగు పూయించారు. పైవాళ్ళు సంజాయిషీ అడిగితే ఇచ్చుకున్నారు. తప్పు తెలియగానే దిద్దుకున్న అధికారులని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో ఆయనొకరు. ఆవిడ ఒంగోలు బజారుకి మారి, అక్కడ మళ్ళీ గంప దించుకుంది.

ఇక అసలు సంగతికి వస్తాను.

కోటేశ్వరి

కోటేశ్వరి మా దగ్గరికి వచ్చేటప్పటికి ఐదో నెల. తొలి చూలు. భర్త శ్రీను చీమకుర్తి నుంచి గ్రానైట్ బండలు మోసే లారీకి డ్రైవరు. గర్భిణులందరికీ చేసే రక్తపరీక్షలో ఆమెకి హెచ్‌ఐవీ ఉందని తేలింది. శ్రీనుకి చేస్తే అతనికీ ఉంది. అతను గోడకి ఆనుకుని నిలబడి, భార్య వంక చూడలేక నా బల్ల మీదున్న పేపరు వెయిట్ వంక చూస్తూ ఉండిపోయాడు. ఇద్దరికీ మందులు మొదలుపెట్టాం.

ఆ పిల్ల తన గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "నా బిడ్డకి రాకుండా ఉంటదా మేడం?" అంది.

"మాత్ర మానకుండా వేసుకుంటే రాకుండా ఉండే అవకాశమే చాలా ఎక్కువ."

"ఒట్టా?"

"ఒట్టు వెయ్యడం నా చేతిలో లేదమ్మా. మాత్ర వేసుకోవడం నీ చేతిలో ఉంది."

వేసుకుంది. ఇంట్లో అత్తగారికి రక్తం పట్టే బిళ్ళలని చెప్పింది. డబ్బాలో బిళ్ళలు గలగలమని చప్పుడు చేస్తే ఎవరైనా ఏమిటని చూస్తారని, పైన ఇంత దూది కుక్కేది. పత్తి చేలల్లో పెరిగిన పిల్లకి దూదికేం కొదవ? నెలనెలా వచ్చి, దూది తీసి, ఖాళీ డబ్బా నాకు చూపించి, కొత్తది తీసుకుని వెళ్ళేది.

ఏడో నెలలో పుట్టింటివాళ్ళు వచ్చి సీమంతం చేసి తీసుకెళ్ళారు. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. ఆ పుట్టిల్లు గుంటూరు అవతల, పత్తీ మిరపా పండే ఊరు. నెలనెలా వస్తానని నాకు మాటిచ్చే వెళ్ళింది. ఒక నెల వచ్చింది. తర్వాత రాలేదు. మా ఫీల్డు మనిషి చీమకుర్తి వెళ్ళి అత్తగారిని అడిగితే, "ఊరెళ్ళింది" అందట. ఏ ఊరో అతను అడగలేదు. మన కంప్యూటర్లో ఊరు అంటే అత్తగారి ఊరు. ఆడపిల్ల ‘మా ఊరు’ అంటే పుట్టినూరు. కడుపుతో ఉన్న మనిషి మీ ముందు కూర్చున్నప్పుడు మీరు అడగాల్సింది మీ ఊరేదని కాదు, పురుడెక్కడ పోస్తారని. అప్పట్లో ఈ ప్రశ్న మాకెవరూ నేర్పలేదు, ఆ తర్వాత నేను నేర్పకుండా ఎవరినీ వదల్లేదు.

చివరికి శ్రీను లారీ దిగి వచ్చినప్పుడు తన అత్తగారి, అంటే కోటేశ్వరి తల్లి నంబరు ఇచ్చాడు. కోటేశ్వరికి సొంత ఫోను లేదు. ఆ తల్లికి కూతురి జబ్బు సంగతి తెలియదు. కాబట్టి ఫోన్లో జబ్బు పేరు ఎత్తకూడదు.

నిండుకున్నాయి

ఫోను హారిక చేసింది. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. చిన్నప్పటి నుంచి హాస్టళ్ళలో, ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న పిల్ల. చాలా జాగ్రత్తగా మాట్లాడింది. ఆసుపత్రి నుంచి అంది, అమ్మాయి ఎలా ఉంది అంది, బలం బిళ్ళలు ఉన్నాయా అంది. పెట్టేసి, మొహం వెలిగిపోతుంటే నా వైపు తిరిగింది.

"బాగుందట మేడం. బిళ్ళలు ఫుల్‌గా ఉన్నాయట."

నేను అప్పుడు టిఫిన్ డబ్బా కడుగుతున్నాను. మా దగ్గర పుచ్చుకున్న డబ్బా ఎప్పుడో అయిపోవాలి. ఫుల్‌గా ఎలా ఉంటాయి? వేసుకోవడం మానేసిందా?

"ఆవిడ అన్న మాట అన్నట్టుగా చెప్పు" అన్నాను.

హారిక గుర్తు చేసుకుని, ఆ తల్లి యాస కూడా తెచ్చుకుంటూ చెప్పింది. "అమ్మాయికి నిండు నెలలమ్మా. బిళ్ళలా? బిళ్ళలు నిండుకున్నాయి."

నా చేతిలో డబ్బా మూత కింద పడింది.

మీలో ఎంతమంది ఇళ్ళలో ఈ మాట వాడుతున్నారో నాకు తెలియదు. పెదకాకాని దగ్గర మా పల్లెలో మా అమ్మ మిరప కోతలకి పోయి వచ్చి, బియ్యం కుండలో చెయ్యి పెట్టి చూసి, "బియ్యం నిండుకున్నాయే" అనేది. అంటే కుండ అడుగు కనపడుతోందని. ఇంట్లో ఏ వస్తువునీ ‘లేదు’ అనకూడదు, అంటే నిజంగానే లేకుండా పోతుందని భయం. ఉప్పు నిండుకుంటుంది, పప్పు నిండుకుంటుంది. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. నిండు నెలలంటే నిజంగా నిండినట్టు. నిండుకున్నాయంటే పూర్తిగా ఖాళీ అయినట్టు. ఒకే ఊపిరిలో ఆ తల్లి రెండూ చెప్పింది, కూతురికి నెలలు నిండాయని, మందులు ఖాళీ అయ్యాయని. హారిక తప్పేం లేదు. మాటకి పైకి తోచే అర్థమే వినపడింది దానికి.

అర్థం చెప్పగానే హారిక మొహం పాలిపోయింది. "మేడం, మరి బేబీ?" అంది.

మీకు పనికొచ్చే ముక్క ఇదే. రోగి మాటని మీ మాటలోకి మార్చి రాసుకోకండి. వాళ్ళు అన్నది అన్నట్టుగా మనసులో పెట్టుకోండి. అర్థం తర్వాత చూసుకోవచ్చు.

మా డాక్టరు గారికి కోపం ముక్కు మీదుండేది. మేమిద్దరం గదిలోకి వెళ్ళి విషయం చెబితే, ముందు బల్ల గుద్దారు. ఎవరిని తిట్టాలో తెలియక కాసేపు ఫ్యానుని తిట్టారు. నిబంధన ప్రకారం పేషెంటే వచ్చి మందులు తీసుకోవాలి. "నిండు నెలల మనిషిని అన్ని మైళ్ళు బస్సులో కుదిపి తెచ్చి, ఇక్కడ కాన్పు చేస్తామా రూలు కోసం?" అని ఆయనే అన్నారు. డబ్బాలు నా చేతికిచ్చి, ఇవాళే మాత్ర పడాలని, పుట్టాక బిడ్డకి మామూలు కంటే ఎక్కువ వారాలు సిరప్పు పోయాలని, కాన్పు తప్పకుండా ప్రభుత్వాసుపత్రిలోనే అవ్వాలని చెప్పారు. "జీపు తీసుకెళ్ళండి" అన్నారు. అప్పటికి దాని మీద రిబ్బను లేకపోయినా, నంబరు ప్లేటు చూస్తేనే సర్కారు బండి అని తెలుస్తుంది. "వద్దు సార్, మస్తాన్‌బీని తీసుకెళ్తాను" అన్నాను.

గాజుల మలారం

మస్తాన్‌బీ మా దగ్గర మందులు తీసుకుంటూ, తనలాంటి వాళ్ళని వెతికి ఆసుపత్రికి తెచ్చే పని చేసేది. వాళ్ళది తరాలుగా గాజుల వ్యాపారం. గాజుల మూటని మలారం అంటారు. ఆ మలారం భుజాన వేసుకుని ఏ ఊరెళ్ళినా, ఏ గడప ముందు కూర్చున్నా ఎందుకొచ్చావని అడిగేవాళ్ళుండరు. పైగా కడుపుతో ఉన్న పిల్ల ఇంటికి గాజులావిడ రావడం శుభం. గాజులన్నీ తీగలకి కట్టుకుని, వాటి నడుమ మా మాత్రల డబ్బాలు సర్దుకుంది. చప్పుడు కాకుండా పైన దూది కూడా కుక్కింది.

పల్లెవెలుగు బస్సు దిగి ఆటోలో ఊళ్ళోకి వెళ్ళేసరికి పొద్దు బాగా ఎక్కింది. మిరప కోతల కాలం. ఊరి చుట్టూ కల్లాల్లో కాయ ఎర్రగా ఆరబోసి ఉంది. ఆటో దిగిన దగ్గర నుంచి తుమ్ములే తుమ్ములు. ఇంటి పక్క కల్లంలో ఒక పొడగరి ఆడమనిషి మూతికి తువ్వాలు కట్టుకుని చేత్తో కాయ తిరగేస్తోంది. మస్తాన్‌బీని చూసి అక్కడి నుంచే కేకేసింది.

"గాజులమ్మా, ఇట్టా రా. మా పిల్లకి నిండు నెలలు. పచ్చ గాజులున్నాయా?"

"మీకు ఏ రంగు కావాలో అవే ఉన్నాయి తల్లీ."

ఆవిడే కోటేశ్వరి తల్లి సాంబ్రాజ్యం. రెండెకరాలు కౌలుకి చేస్తూ, కోతల కాలంలో కూలీల ముఠాని నడిపే మనిషి. ఆవిడ గొంతు రెండు కల్లాల అవతలికి వినపడుతుంది.

కోటేశ్వరి అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మస్తాన్‌బీ ఏమీ ఎరగనట్టు ఎదురుగా చతికిలబడి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వేళ్ళు మెత్తగా నొక్కుతూ గాజులు ఎక్కించడం మొదలుపెట్టింది. నెలలు నిండిన చెయ్యి వాచి ఉంటుంది, గాజు తొందరపెడితే పెరిగిపోతుంది. గాజు పగిలిందనరు వాళ్ళు, పెరిగిందంటారు. ఆ నెమ్మదిలోనే డబ్బా మూటలోంచి కోటేశ్వరి కొంగులోకి మారింది. "ఇప్పుడే లోపలికెళ్ళి వేసుకో" అని గాజుల చప్పుడు కింద మస్తాన్‌బీ చెప్పడం నాకు వినపడింది.

నేను సాంబ్రాజ్యాన్ని మాటల్లో పెడదామని కాయ దిగుబడి గురించి అడిగాను. ఆవిడ తువ్వాలు కిందికి లాగి నన్ను ఎగాదిగా చూసింది.

"గాజులమ్ముకునేదానికి కళ్ళద్దాల టీచరమ్మ తోడెందుకమ్మా? నువ్వెవరో ముందు చెప్పు."

"మీ అమ్మాయి చూపించుకునే ఆసుపత్రి నుంచి వచ్చాను."

"ఓహో. మీ ఆసుపత్రి పిల్ల ఫోన్ చేస్తే బిళ్ళలు నిండుకున్నాయని చెప్పానుగా. తెస్తారేమోనని చూస్తన్నా. ఇక్కడి ఆసుపత్రిలో ఇచ్చే రక్తం బిళ్ళలు వేసుకోవే అంటే ఇది ఒప్పుకోదు. అయ్యి వేరంటది. కూర్చుని ఏడుస్తది. బస్సెక్కి పోతానంటే నేనే పంపలా, నిండు నెలల దాన్ని ఎట్టా పంపేది? ఏం బిళ్ళలమ్మా అయ్యి?"

"అది మీ అమ్మాయి చెప్పాలి. నేను చెప్పకూడదు."

"నా కూతురి సంగతి నాకు చెప్పకూడదా?"

"ఆమె చెబితేనే."

మీరు ఈ చోట మెత్తబడకండి. తల్లైనా, మొగుడైనా, ఆఫీసరైనా రోగి రహస్యం రోగిదే. నేను ఆ మాట మీదే నిలబడ్డాను. మస్తాన్‌బీ గాజులు ఎక్కించడం ఆపేసింది. కోటేశ్వరి అరుగు దిగి, కల్లం అంచుకి వచ్చి, తల్లి ముందు నిలబడింది.

"నాకు పెద్ద జబ్బమ్మా" అంది. "ఆయనక్కూడా. బిడ్డకి రాకుండా ఉండటానికే ఆ బిళ్ళలు."

సాంబ్రాజ్యం ఎర్రగా పరిచి ఉన్న కాయల మధ్య కూలబడిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యెత్తి, మళ్ళీ దించేసింది. పొద్దున్నుంచీ మిరపకాయలు తిరగేసిన చేతులు అవి, కళ్ళకి పెట్టుకునే వీల్లేదు. కోటేశ్వరి వంగి తన కొంగుతో తల్లి కళ్ళు తుడిచింది. అప్పుడావిడ ఆ కొంగులో డబ్బాని చూసింది.

"ఇప్పుడు తెచ్చినయ్యేనా ఇయ్యి? వేసుకున్నావా?"

"ఇంకా వేసుకోలా."

"ముందు బిళ్ళ వేసుకో. ఏడుపెప్పుడైనా ఏడవచ్చు."

నా ఉద్యోగం మొత్తంలో అంత మంచి కౌన్సెలింగ్ నేను వినలేదు. మస్తాన్‌బీ చెంబుతో నీళ్ళందించింది. కోటేశ్వరి మాత్ర మింగింది. ఆ తర్వాత తల్లీ కూతుళ్ళు ఇద్దరూ నిజంగానే కూర్చుని ఏడ్చారు. మేము అడ్డుపడలేదు.

సాంబ్రాజ్యం చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "బిడ్డ సంగతి ఎప్పుడు తెలుస్తది?" అని అడిగింది.

"మధ్యలో పరీక్షలుంటాయి. గట్టిగా చెప్పాలంటే ఏడాదిన్నర దాటాలి."

"మిరప కూడా ఆర్నెల్లలో చేతికొస్తదే."

"ఇది మిరప కాదుగా" అన్నాను. ఆవిడ సరేనన్నట్టు తలూపి, భోజనం చేసి వెళ్ళమంది. నలుగురం ఒకే తపేలాలో అన్నం పెట్టుకుని గోంగూర పచ్చడితో తిన్నాం.

హారన్ మోగితే సిరప్పు

కాన్పుకి సాంబ్రాజ్యం తనే కూతుర్ని ప్రభుత్వాసుపత్రిలో చేర్చింది. అక్కడ వార్డులో ఎవరో కేసు షీటు చూసి మంచం వరండా చివరికి జరపబోయారట. "నా కూతురు మంచం ఏడుంటే నేనాడే పడుకుంటా. భయమైనోళ్ళు పోయి వరండాలో పడుకోండి" అని ఆవిడ లేపిన గొంతుకి పెద్ద డాక్టరు దిగి వచ్చి, మంచం వార్డు మధ్యలో వేయించారట. ఇది శ్రీను నాకు నవ్వుతూ చెప్పాడు. అతన్ని నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

ఆడపిల్ల పుట్టింది. సిరప్పు రోజూ ఒకే వేళకి పడాలి. సాంబ్రాజ్యం గడియారం నమ్మేది కాదు. పొద్దున ఊళ్ళోకి పల్లెవెలుగు వచ్చి హారన్ కొట్టగానే మనవరాలి నోట్లో సిరప్పు పోసేది. బస్సు రాని రోజు ఎలా అని హారిక అడిగితే, "మా ఊరి డ్రైవరుకి చెప్పా, బస్సు చెడిపోయినా హారన్ కొట్టిపొమ్మని" అందట. ఆ డ్రైవరు ఎందుకని అడగలేదు. ఆవిడని ఆ ఊళ్ళో ఎవరూ ఎందుకని అడగరు.

మొదటి పరీక్షకి పాప మడమ మీద సూదితో గుచ్చి నెత్తుటి చుక్కలు తీశాం. ఫలితం బాగానే వచ్చింది. తర్వాతిదీ బాగానే వచ్చింది. కానీ పాలు తాగే బిడ్డ కదా, పాలు మాన్పించి ఆఖరి పరీక్ష అయ్యేదాకా మేము గట్టిగా ఏ మాటా ఇవ్వకూడదు. ప్రతిసారీ సాంబ్రాజ్యం నా మొహంలోకి చూసి, "ఏమంటున్నారు?" అని మాత్రం అడిగేది. ఉందా లేదా అని ఏనాడూ అడగలేదు. ఆ రెండో మాట ఆవిడ నోటికి రాదు. ఆవిడ ఇంట్లో ఏ వస్తువునీ అలా అనలేదు మరి.

ఆ పాప ఇప్పుడు బడిలో ఖోఖో జట్టుకి కెప్టెన్. కోటేశ్వరి, శ్రీను మందులు వాడుకుంటూ, పనులు చేసుకుంటూ బాగున్నారు. మస్తాన్‌బీకి మలారం పోయి చిన్న గాజుల కొట్టు వచ్చింది. ఇవన్నీ మీకు చెప్పాలి కాబట్టి చెప్పాను. కానీ నేను ముగించాల్సింది ఆఖరి పరీక్ష ఫలితం వచ్చిన రోజుతో.

లేదు

ముందురోజే పెదకాకాని గుళ్ళో పాపకి తలనీలాలు ఇచ్చి, అక్కడి నుంచి నేరుగా మా దగ్గరికి వచ్చారు. శ్రీను చంకలో పాప, గుండు నిండా గంధం. నేను ఎత్తుకోగానే కళ్ళద్దాలు లాగి కింద పడేసిందని చెప్పానుగా, అది అప్పుడే. వంగి ఏరుకునే సమయంలో హారిక కాగితం పట్టుకుని లోపలికి వచ్చింది. ఆ ఫలితం చెప్పాల్సింది తనే అని నేను ముందే అనుకున్నాను. తన పెదవులు బిగబట్టి ఉన్నాయి, కళ్ళు మాత్రం ఆగడం లేదు.

"అమ్మా, నెగటి..."

"ఇంగ్లీషు వద్దు తల్లీ. తెలుగులో చెప్పు" అంది సాంబ్రాజ్యం.

హారిక ఆగిపోయింది. నా వంక చూసింది. నిండుకున్నాయన్న మాట మా ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. అలాంటి ఇంటి మనిషి ముందు, పసిబిడ్డ పేరు పక్కన ఆ మాట అనొచ్చా అని తన సందేహం. నేను తలూపాను.

"లేదమ్మా" అంది హారిక. "పాపకి జబ్బు లేదు."

సాంబ్రాజ్యం ముందుకు వంగింది. "మళ్ళీ చెప్పు" అంది.

"లేదు. ఇంక రాదు కూడా."

కోటేశ్వరి పాపని నా చేతుల్లోంచి లాక్కుని గంధం గుండుకి మొహం ఆనించి ఏడ్చేసింది. ఐదో నెలలో నా ముందు కూర్చుని అడిగిన ప్రశ్నకి సమాధానం ఆ పిల్ల చేతుల్లో ఉంది. శ్రీను ఇటు తిరిగి, మొదటిసారి పేపరు వెయిట్‌ని వదిలేసి భార్య మొహంలోకి చూశాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి? ఆ రోజు మా డాక్టరు గారు కూడా గుమ్మంలోకి వచ్చి, ఎవరినీ తిట్టకుండా వెళ్ళిపోయారు.

"లేదు" అంది సాంబ్రాజ్యం. ముందు గొంతులోనే, ఆ మాట రుచి చూస్తున్నట్టు. తర్వాత కొంచెం గట్టిగా. తర్వాత తలుపు తీసుకుని వరండాలోకి నడుస్తూ, కల్లంలో కూలీలని పిలిచే గొంతుతో, "లేదు. లేదంట. లేదు" అనుకుంటూ ఆసుపత్రి గేటు దాటి వెళ్ళింది. దారిలో జనం జరిగి దారిచ్చారు. ఏం లేదో ఒక్కరికీ తెలియదు. మేమంతా ఆవిడ వెనక పరిగెత్తాం.

గేటు బయట టీ బండి దగ్గర ఆగింది. బండి అతను కంగారుగా, "ఏం లేదమ్మా? ఏమన్నా పోయిందా?" అని అడిగాడు.

"ఏం పోలేదయ్యా. లేదంతే. అందరికీ టీ పొయ్యి."

అతను గిన్నెలోకి తొంగిచూసి మొహమాటంగా, "పాలు నిండుకున్నాయమ్మా" అన్నాడు.

హారిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సాంబ్రాజ్యం మాత్రం నవ్వింది, కళ్ళనిండా నీళ్ళతో, రెండు కల్లాల అవతలికి వినపడేలా.

"లేవని చెప్పవయ్యా" అంది. "ఇవాళ ఆ మాట మంచిదే."